నోటికి తగిలినవన్నీ

మార్చి 4

అక్కా,

నీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను అని మొదలుపెట్టను. నీ జోలికి రావడానికి జబ్బులకు కూడా భయమే. నా సంగతి చెబుతాను. ఏడాదిగా నన్ను పీడిస్తున్నదానికి చివరికి పేరు దొరికింది. సీలియాక్ అట. గొట్టం మింగించి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి మరీ తేల్చారు. గోధుమలో గ్లూటెన్ అనేది ఒకటి ఉంటుందట, బార్లీలోనూ ఉంటుందట. అది లోపలికి వెళ్తే నా ఒళ్ళు నా పేగుమీదే తిరగబడుతుంది. తిన్నది ఒంటికి పట్టకపోవడం, నెత్తురు తగ్గడం, కడుపులో ఆ మెలి, అన్నీ అందుకే. చిన్నప్పటినుంచీ ఉండి ఉంటుందని డాక్టరమ్మ అంది. అంటే నన్ను బక్కోడా అని పిలిచినందుకు నువ్విప్పుడు కాస్త సిగ్గుపడాలి.

దీనికి మందు లేదు. బతికినన్నాళ్ళూ గోధుమపిండి, మైదా, రవ్వ ముట్టకూడదు, అంతే. బ్రెడ్డు, బిస్కెట్లు, నూడుల్సు పోయాయి. సాసు సీసాల్లో, ఐస్‌క్రీము కోనుల్లో, ఒక్కోసారి మాత్రల్లో కూడా దాక్కుని ఉంటుందట. బ్రెడ్డు పొడి రాలిన బల్లమీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకున్నా చాలట.

మీ మరదలు ఆదివారమంతా వంటింటి డబ్బాలన్నీ హాల్లో పరిచి, ప్రతిదాని మీదా ఉన్న సన్నటి అక్షరాలు భూతద్దంతో చదివింది. సగం పక్కింటికి ఇచ్చేసింది. నాకు కొత్త గిన్నెలు, కొత్త గరిటె, విడిగా ఒక గిన్నెలు తోమే పీచు. బుడ్డది తన బిస్కెట్ల డబ్బా బాల్కనీలోకి మార్చుకుని అక్కడే నిలబడి తింటోంది. ఏడేళ్ళ పిల్ల, తనంతట తనే.

నాకు రెండు కావాలి. నోటికి తగిలిన ప్రతిదీ రాసిపెట్టుకోమంది డాక్టరమ్మ, అందుకు మంచి నోటుబుక్కు ఒకటి కుట్టి పంపు. రెండోది, నీ కవర్లలో ఇదే చివరిది. ఇంకో కట్ట పంపు. నీ చెవులు ఫోనుకు పనికొచ్చి ఉంటే ఈ గోలంతా నీకు వినిపించి ఊరుకునేవాణ్ణి.

ఆకలితో,
నీ తమ్ముడు


మార్చి 11

ఒరేయ్ బక్కోడా,

సిగ్గుపడను. బైండింగు షాపులో కత్తిరింపు మిషను పక్కన ముప్పై ఏళ్ళు నిలబడు, నీ చెవులు ఎన్నాళ్ళుంటాయో అప్పుడు చూద్దాం. ఫోను లేకపోవడమే మంచిదైంది. ఫోనులో నువ్వు బాగున్నాను, బాగున్నాను అని పెట్టేస్తావు. ఉత్తరంలో అయితే కక్కేస్తావు.

నీ జబ్బు గురించి చదివాను. అదృష్టం చూడు, మెడికల్ కాలేజీ లైబ్రరీ నుంచి ఒక లావుపాటి పుస్తకం వీపు ఊడి నా దగ్గరికే వచ్చింది. నీ జబ్బు పేజీ వెతికి రెండుసార్లు చదివాకే దాన్ని అతికించాను. మందు లేదంటే భయపడకు. నోరు కట్టుకుంటే చాలు, పేగు మళ్ళీ దానంతట అదే చిగురిస్తుందని రాశారు. ఆరు నెలల్లో నువ్వు లావెక్కుతావు, అప్పుడు నీకు కొత్త పేరు ఆలోచిస్తాను.

నోటుబుక్కు పంపుతున్నాను. నూట తొంభై రెండు పేజీలు, గుడ్డ వీపు, నువ్వు నేలకేసి కొట్టినా లోపలి ఫారాలు, ఆ మడత కాగితాల కట్టలు, ఊడవు. కవర్లు ముప్పై. అన్నింటి మీదా నా అడ్రసు నేనే రాశాను, నీ కోడికాళ్ళ రాతతో పోస్టుమాన్ని ఏడిపించడం నాకిష్టం లేదు. మూసే మడతకు జిగురు దట్టంగా పూసి ఆరబెట్టాను. ఎప్పట్లాగే నాలుకతో తడిపి నొక్కు, వానలో తడిసినా ఊడదు. పుస్తకాల జిగురులో పురుగు పట్టకుండా మందు కలుపుతాం కదా, అది నీ నోటికి తగలకూడదని నీ కవర్లకు మాత్రం వేరే గిన్నెలో, వేరే కుంచెతో, మందు లేకుండా ఉడికిస్తాను. బజారు కవర్లు వాడకు. వాటికేం పూస్తారో ఎవరికి తెలుసు.

మరదలు డబ్బాలు చదివిందన్నావు, సంతోషం. కానీ చదవడం వేరు, కనిపెట్టుకుని ఉండటం వేరు. అమ్మ పోయాక పదేళ్ళు నీ కంచం నేను చూశాను. ఏది తింటే నీకు కడుపు ఉబ్బుతుందో నాకు తెలిసేది. ఆ అమ్మాయికి బడి, పిల్లలు, వంద పనులు. నువ్వే జాగ్రత్తగా ఉండు.

జిగురుచేతుల అక్క


జూన్ 2

అక్కా,

మూడు నెలలు దాటింది. లావెక్కలేదు. నీ కొత్త పేరు దాచిపెట్టుకో.

ఈ మధ్య నీకు వారానికి రెండు ఉత్తరాలు వస్తున్నాయి కదా. విసుక్కోకు. కడుపులో మెలి మొదలైతే ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపిస్తుంది, రాసి కవరు మూసేసరికి కాస్త నెమ్మదిస్తుంది. మర్నాడు మళ్ళీ మామూలే. పొద్దున్నే పొట్ట తప్పెటలా బిగుసుకుంటుంది, మధ్యాహ్నానికి మెలి, సాయంత్రానికి చేతకాక పడుకుంటాను. రెండు మూడు రోజులకు తేరుకుంటాననగా మళ్ళీ మొదలు.

రక్తపరీక్షలో ఒక అంకె ఈపాటికి బాగా దిగాలట. దిగలేదు. డాక్టరమ్మ అద్దాలు తీసి నావైపు చూసి, ఎక్కడో లోపలికి వెళ్తోంది అంది. జేబులో వెతకబోయే ముందు దొంగ నిలబడ్డట్టు నిలబడ్డాను. తినలేదమ్మా అంటే, తినలేదనే అందరూ అంటారు అంది. బుడ్డదానికీ పరీక్ష చేశారు, దానికి లేదు. నిన్నూ చేయించుకోమంది. నీ జోలికి రాదని చెప్పాను.

నోటుబుక్కు నలభై పేజీలు నిండింది. అన్నం, ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్డు, కూర, అరటిపండు. మళ్ళీ అన్నం. టూత్‌పేస్టు మార్చాను. మాత్రల కంపెనీకి జాబు రాశాను. లిఫ్టుల డిపోలో నా కప్పు నేనే పట్టుకెళ్తున్నాను. మునుపు పదిమందిమి లిఫ్టు మోటారు గదిలో చుట్టూ కూర్చుని ఒకరి డబ్బాలోది ఒకరం లాక్కుని తినేవాళ్ళం. ఇప్పుడు నేను వెళ్తే వాళ్ళు బ్రెడ్డు పొట్లాలు వెనక్కి జరుపుతున్నారు. మర్యాదకే జరుపుతారు, కానీ నాకు చచ్చేంత సిగ్గేస్తుంది.

ఇంకొకటి నీకు చెప్పలేదు. లిఫ్టు బాగుచెయ్యడానికి నన్ను షాఫ్టు గోతిలోకి దింపడం మానేశారు. నెత్తురు లేనివాడు ఎత్తులో కళ్ళు తిరిగి పడితే ఎవరు జవాబు చెప్పాలి అన్నాడు పెద్ద మెకానిక్. నేలమాళిగలో కిటికీ లేని గదిలో కుర్చీ వేసి, ఫిర్యాదులు రాసుకోమన్నారు. రోజంతా ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుని ఫోను చేస్తారు. కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు అని చెబుతాను. నాకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

నీ తమ్ముడు


జూన్ 10

బక్కోడా,

నీ ఉత్తరం చదివి ఆ రోజు షాపు మూసేశాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. నువ్వు తినేది సరిగ్గానే ఉంది, అంటే తినిపించే దారిలో ఏదో ఉంది.

మీ ఆవిడ పని చేసేది పసిపిల్లల బడిలో కదా. పిల్లలు పిసికి బొమ్మలు చేసే రంగురంగుల ముద్దలు ఉంటాయి, చూశావా? అవి దేంతో చేస్తారో మా వీధి చివరి బడి పంతులమ్మను అడిగాను. మైదా, ఉప్పు, నూనె, రంగు! బళ్ళోనే కలుపుకుంటారట. రోజంతా ఆ ముద్దలు పిసికి, ఆ చేతులతో వచ్చి నీ అన్నం వండుతుంది. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్నది సబ్బుకు వస్తుందా? నా గోళ్ళలో జిగురే వారానికి గానీ వదలదు.

ఆమెను తప్పుపట్టాలని కాదు. తెలియక చేస్తోందేమో. కానీ భూతద్దం పెట్టి డబ్బాలు చదివిన మనిషి తన చేతులు చూసుకోవద్దా? నువ్వే అడుగు. నువ్వు అడగలేకపోతే నేను రాస్తాను.

కవర్లు మళ్ళీ ముప్పై పంపుతున్నాను. ఎన్ని రాసినా విసుక్కోను.

జిగురుచేతుల అక్క


జూన్ 16

అక్కా,

అడిగాను. అడగకపోయినా బాగుండేది.

అన్నం పెట్టబోతుంటే, బళ్ళో పిల్లల ముద్దలు నువ్వే కలుపుతావా అన్నాను. అవునంది. దేంతో అన్నాను. చెప్పబోయి ఆగిపోయింది. తన చేతులవైపు చూసుకుంది. గరిటె కింద పెట్టి, గోళ్ళు తీసే కత్తెర తెచ్చుకుని బాత్రూము గడప మీద కూర్చుని పది గోళ్ళూ చర్మం దాకా కత్తిరించేసింది. చిటికెన వేలికి నెత్తురు వచ్చింది. వద్దన్నా ఆగలేదు. మర్నాడే బడిలో చెప్పి ఆ ముద్దల క్లాసు ఇంకొకరికి ఇచ్చి, తను పాటల క్లాసు తీసుకుంది. ఇంటికి రాగానే కుళాయి కింద మూడుసార్లు చేతులు కడుక్కుని గానీ దేన్నీ ముట్టడం లేదు. నాతో పోట్లాడి ఉంటే తేలిగ్గా ఉండేది.

నేనూ తగ్గలేదులే. నిన్న బుడ్డది ముద్దు పెట్టబోతే, ముందు నోరు కడుక్కురా అన్నాను. వెళ్ళి కడుక్కుని వచ్చింది, కానీ ముద్దు పెట్టలేదు. మర్చిపోయినట్టు ఆడుకుంది.

ఇప్పుడు కూడా పక్కనే నిలబడి ఈ కవరు నేను అంటిస్తా, నేను అంటిస్తా అని లాగుతోంది. పోనీలే, ఇస్తాను. తియ్యగా ఉంటుందని దానికి ఎప్పుడో తెలుసు. ఇంకా చక్కెర వేస్తున్నావా అక్కా? నీ బల్ల కింద కూర్చుని కవర్లు అంటించిన రోజుల్లో నాకోసం వేసేదానివి.

నీ తమ్ముడు


జులై 8

అక్కా,

మూడు వారాలు ఉత్తరం లేదని కంగారు పడ్డావు, నీ రెండు ఉత్తరాలూ అందాయి. రాయకపోవడానికి కారణం ఒక్కటే, నేను బాగున్నాను! చెప్పుకోవడానికి ఏమీ లేనివాడు ఏం రాస్తాడు? జూన్ పదిహేడు నుంచి ఒక్క రోజు కడుపు నొయ్యలేదు. రెండు కిలోలు పెరిగాను. నిన్న పెద్ద మెకానిక్ కాళ్ళావేళ్ళా పడితే, ఎల్లుండి నుంచి షాఫ్టులోకి దిగమన్నాడు.

నీ మాటే నిజమైంది. గోళ్ళే. మీ మరదలితో అన్నాను, చూశావా, అక్క ఎక్కడో కూర్చుని పట్టేసింది అని. ఆమె నా కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. నేను బాగుపడ్డందుకు ఆమె సంతోషించడం లేదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తర్వాత తీసేసుకున్నాను.

చిన్న ఉత్తరమే, కానీ పండగలాంటి ఉత్తరం. బుడ్డది నిద్రపోయింది కాబట్టి ఈ కవరు తీపి ఇవాళ నాది.

లావెక్కుతున్న
నీ తమ్ముడు


జులై 12

అక్కా,

తొమ్మిదో తారీకు పొద్దున మళ్ళీ మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. నెలల తరబడి ఎదురుచూసిన పని, ఒక్క రోజు నొప్పికి వదులుకుంటానా? పదో తారీకు షాఫ్టులోకి దిగాను. పదకొండో అంతస్తుకూ పన్నెండో అంతస్తుకూ మధ్య, లిఫ్టు పెట్టె పైకప్పు మీద ఉండగా మెలి వచ్చింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. కేబుల్‌ను పట్టుకుని కూర్చుండిపోయాను. ఇద్దరు దిగి నన్ను పైకి లాగారు. ఇకనుంచి నేలమాళిగే, మాట్లాడొద్దన్నాడు పెద్ద మెకానిక్.

ఇంటికొచ్చి మీ మరదలి చేతులు పట్టుకుని వెలుతురులో పెట్టి చూశాను. గోళ్ళు లేవు. మళ్ళీ ఆ క్లాసు చేశావా అన్నాను. లేదంది. ఎవరి బదులైనా ఒక్క రోజు? లేదంది. మరి మూడు వారాలు లేనిది ఇప్పుడెలా వచ్చింది అన్నాను. నాకు తెలియదు అంది. తెలియదనే మాటకు నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. నా షెల్ఫుకు తాళం వేశాను. నా వంట ఇకనుంచి నేనే చేసుకుంటాను. నేను వండుతున్నంతసేపూ ఆమె వంటింట్లోకి రాకూడదు.

ఇంట్లో నాలుగు గదులున్నాయి, నాకు ఎక్కడా చెయ్యి పెట్టే చోటు కనపడటం లేదు. తలుపు గొళ్ళెం, బల్ల అంచు, స్విచ్చి, అన్నీ తుడుస్తున్నాను. తుడిచే గుడ్డ మీద కూడా అనుమానమే.

నీ తమ్ముడు


జులై 20

తమ్ముడూ,

నాకు ఒళ్ళు మండిపోతోంది. షాఫ్టులో పడిపోయి ఉంటే? మూడు వారాలు జాగ్రత్తగా ఉండగలిగిన మనిషి నాలుగో వారం ఎందుకు ఉండలేదు? నీకు నయం కాగానే ఆమెకు పట్టింపు పోయింది, నాకు అర్థమైంది ఇంతే.

నువ్వు వద్దన్నా సరే, ఆమెకు విడిగా రాశాను, బడి అడ్రసుకు. మర్యాదగానే రాశాను. నా తమ్ముణ్ణి నీ చేతికి ఇచ్చినప్పుడు బక్కగా ఉన్నాడు కానీ బతికున్నాడు, అలాగే ఉంచమని అడుగుతున్నాను అన్నాను. ఆ మాటలో తప్పుంటే నాకు చెప్పమను.

నువ్వు మాత్రం రాస్తూ ఉండు. రెండు రోజులకొకటి రాయి. నీ ఉత్తరం కనపడకపోతే నాకు పని మీద చెయ్యి ఆడదు.

జిగురుచేతుల అక్క


ఆగస్టు 3

అక్కా,

బుడ్డదాన్ని తీసుకుని వెళ్ళిపోయింది. దూరం కాదు, బడి వెనక పంతులమ్మలకు ఇచ్చే గది ఒకటి ఖాళీగా ఉందట.

నీ ఉత్తరం చదివిందో లేదో నాకు చెప్పలేదు. పెట్టె సర్దుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అంది: “మీకు తగ్గితే నా గోళ్ళు తీసినందుకు తగ్గింది. తగ్గకపోతే నేనేదో చేసినందుకు తగ్గలేదు. ఈ ఇంట్లో నేను ఎక్కడ నిలబడాలో చెప్పండి, అక్కడే నిలబడతాను.”

నిజానికి ఆ క్షణంలో నేను చూస్తున్నది ఆమె మొహం కాదు, బుడ్డది గొళ్ళెం మీద చెయ్యి పెట్టిందా లేదా అని. ఎంత నీచంగా తయారయ్యానో చూడు.

ఇప్పుడు ఇల్లంతా నాదే. బాల్కనీలో బిస్కెట్ల డబ్బా కూడా లేదు. పిండి రేణువు లేని ఇల్లు ఈ వీధిలో ఏదైనా ఉంటే అది నాదే. ఇక తగ్గకపోతే చూడు.

నీ తమ్ముడు


ఆగస్టు 9

అక్కా,

తగ్గలేదు.

నాలుగో తారీకు మళ్ళీ పడ్డాను. బియ్యం నేను కడిగాను, నేను వండాను. దుంపలు నేను ఉడికించాను. ఇంట్లోకి ఎవరూ రాలేదు. నా చేతులు నేనే వెలుతురులో పెట్టి చూసుకున్నాను. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తిండి మానేసినా తగ్గని మొండి రకం ఒకటి ఉంటుందట, అరుదుగా వస్తుందట. అదే అయితే ఆసుపత్రిలో చేర్చుకుని, ఒంటిని అణిచేసే బలమైన మందులు పెట్టాలి. ఆ మందులు వేరే గొడవలు తెస్తాయి. ఇలాగే వదిలేస్తే పేగు ఇంకా చెడ్డ జబ్బుకు తిరగొచ్చు అని కూడా అంది, ఆ జబ్బు పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. సెప్టెంబరు అయిదున చేరమంది.

నోటుబుక్కులోంచి, అది రాకముందువి క్యాలెండరులోంచి, జబ్బు పడిన తేదీలన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాయమంటే రాశాను. రెండో ప్రతి నీకు పంపుతున్నాను. నీ కళ్ళకేమైనా కనపడుతుందేమో చూడు. నా కళ్ళు అలిసిపోయాయి.

నిన్న బడి పక్క నుంచి వెళ్ళాను. కిటికీలోంచి పాట వినపడింది. లోపలికి వెళ్ళలేదు.

నీ తమ్ముడు


ఆగస్టు 17

తమ్ముడూ,

ఈ కవరును ఎందుకు దారంతో కుట్టానా అని అనుకుని ఉంటావు. చెబుతాను. నిలబడి చదవకు, కూర్చో.

ఏడాదికోసారి నీ ఉత్తరాలన్నీ తేదీల వరసలో పెట్టి బైండు చేస్తానని నీకు తెలుసు. ఈ ఏడాదివి చాలా అయ్యాయని ముందే మొదలుపెట్టాను. బల్ల మీద వరసగా పరిచాను. పక్కన నీ తేదీల కాగితం పెట్టుకున్నాను. ఫారాలు వరస తప్పకుండా చూడటం నా పని, ముప్పై ఏళ్ళుగా అదే చూపు. మార్చి నాలుగున ఉత్తరం, అయిదున జబ్బు. జూన్ రెండున ఉత్తరం, మూడున జబ్బు. జులై ఎనిమిది, తొమ్మిది. ఆగస్టు మూడు, నాలుగు. ఈ కాగితంతో వచ్చినదాన్ని వదిలేస్తే నలభై ఒక్క ఉత్తరాలు, నలభై జబ్బులు. నాకు రాయడం వల్ల జబ్బేమిటి అని నవ్వుకున్నాను కూడా.

మిగిలిన ఆ ఒక్కటీ జూన్ పదహారుది. పదిహేడున నీకు జబ్బు రాలేదు, ఆ తర్వాత మూడు వారాలూ రాలేదు. ఆ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. కవరు బుడ్డది అంటించింది.

అప్పుడు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నీ కవర్ల గిన్నె అక్కడే ఉంది, విడిగా కడిగి, విడిగా బోర్లించి. నేను ఏం ఉడికిస్తానో తెలుసా బక్కోడా? మైదా. మైదా, నీళ్ళు, నీకు తియ్యగా ఉండాలని చక్కెర. దట్టంగా పూసి ఆరబెట్టి, వారానికి రెండుసార్లు నీ నాలుక మీద పెట్టాను. మీ ఆవిడ గోళ్ళ సందుల్లో మైదాను నాలుగు వందల మైళ్ళ దూరం నుంచి పట్టుకున్నాను. నా చేతికి మోచేతి దాకా ఉన్నది కనపడలేదు. నాకది ఎప్పుడూ పిండి కాదు, జిగురు. నీ జబ్బు పేజీ చదివి, ఆ పుస్తకాన్ని దాంతోనే అతికించాను.

నీకు నొప్పి వస్తే నాకు రాసేవాడివి, రాస్తే నొప్పి వచ్చేది. నేను ఇంకా రాయి, ఇంకా రాయి అన్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

ఇది తీసుకుని ఇవాళే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. మందులు మొదలుపెట్టవద్దని చెప్పు. మిగిలిన కవర్లు చేత్తో కూడా ముట్టకు, పట్టుకారుతో పట్టుకుని చెత్తలో వెయ్యి. లోపల ఇంకో కాగితం మడిచి పెట్టాను, అది మరదలికి. నువ్వు చదవకు. నేరుగా ఆమె చేతికివ్వు.

అక్క


ఆగస్టు 31

తమ్ముడూ,

రెండు వారాలైంది. ఉత్తరం రాలేదు. రాయకపోవడమే నీ ఒంటికి మంచిదని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మొన్న బయల్దేరి బస్టాండు దాకా వచ్చాను. టిక్కెట్టు కూడా తీసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని ఆ అమ్మాయి ఎదుట నిలబడను అనిపించి తిరిగి వచ్చేశాను. అయిదో తారీకున ఆసుపత్రిలో చేరుతున్నావో లేదో ఒక్క ముక్క తెలియజెయ్యి. తిట్టాలనుంటే తిట్టు, కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయి, పోస్టుమాన్ కూడా చదువుకోనీ.

అక్క


సెప్టెంబరు 21

అక్కా,

తిట్టను. తిట్టడానికి కూర్చుంటే నీ దగ్గరికి రాకముందే నేను ఆగాల్సిన చోట్లు చాలా ఉన్నాయి.

ఆసుపత్రిలో చేరలేదు. డాక్టరమ్మ నీ ఉత్తరం చదివి, కవరు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నెల ఆగి చూద్దామంది. మొన్నటి పరీక్షలో అంకె సగానికి దిగింది. ఇంకా దిగుతుందట. నేలమాళిగలోనే ఉన్నాను, కానీ పెద్ద మెకానిక్ ఈసారి మాట్లాడొద్దనకుండా వచ్చే నెల చూద్దాం అన్నాడు.

నీ ఉత్తరం పట్టుకుని బడికి వెళ్ళాను. ఆమె క్లాసుగది తలుపు దగ్గరే నిలబడి రెండు కాగితాలూ చదివింది. నాది చదివింది, తనది చదివింది, మళ్ళీ నాది చదివింది. క్షమించమన్నాను. అప్పుడు అడిగింది: “నేను వండినవన్నీ రాశారు. నా గోళ్ళు రాశారు. పిల్ల ముద్దు కూడా రాశారు. ఆవిడ కవరు ఒక్కసారి కూడా ఎందుకు రాయలేదు?”

వెంట తెచ్చిన నోటుబుక్కు అక్కడే తిరగేశాను అక్కా, జవాబు దొరుకుతుందేమో అని. నోటికి తగిలినవన్నీ అని మొదటి పేజీ మీద నేనే రాసుకున్నాను. అందులో నీ కవరు లేదు. మరచిపోయి కాదు. నీ దగ్గర్నుంచి వచ్చేది నోటికి తగిలేదాని కింద నేనెప్పుడూ లెక్కవెయ్యలేదు. ఆమె చేతినుంచి వచ్చే ప్రతిదీ వేశాను. ఈ మాట ఆమెకు చెప్పే ధైర్యం లేక, తెలియదన్నాను. ఆ మాట విని నాకెంత కోపం వచ్చిందో ఒకప్పుడు నీకు రాశాను కదా. ఆమెకు కోపం రాలేదు. లోపలికి వెళ్ళి పిల్లలకు పాట మొదలుపెట్టింది.

పన్నెండు రోజుల తర్వాత వచ్చారు ఇద్దరూ. షెల్ఫుకు తాళం తీసేయమంది, అప్పటికే తీసేశాను. భోజనాల బల్ల మీద నోటుబుక్కు కనపడకూడదంది. సరేనన్నాను. నువ్వు జులైలో బడికి రాసిన ఉత్తరం ఆమె పారెయ్యలేదు. అదీ, మొన్నటిదీ పక్కపక్కన పెట్టి తన పెట్టెలో దాచింది. ఎందుకని నేను అడగలేదు, నువ్వూ అడగకు. ఎప్పుడైనా ఆమే నీకు రాస్తుందేమో, రాయకపోయినా ఏమీ అనుకోకు.

ఈ ఉత్తరం అంచు కుట్టింది ఆమే. దబ్బనం లేదు, మామూలు సూదితో కుట్టింది. వంకర చూసి నవ్వకు. నువ్వు రాయడం మాత్రం మానకు. బస్సెక్కి వస్తే ఇంకా మంచిది, కానీ ఇప్పుడే వద్దు.

బుడ్డది మళ్ళీ ముద్దు పెడుతోంది. పెట్టే ముందు చెప్పకుండానే వెళ్ళి నోరు కడుక్కుని వస్తోంది. వాళ్ళమ్మ బడి నుంచి రాగానే ఇంకా కుళాయి దగ్గరికే వెళ్తుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ క్లాసు లేదు, ఆ ముద్దలు లేవు, అయినా కడుగుతుంది. నేను వంటింటి బయట నిలబడి నీళ్ళ చప్పుడు వింటాను. చాలు అని చెప్పాలనుకుంటాను. అది మొదలుపెట్టించింది నేనే కదా అని నోరు రాదు.

నిన్న బుడ్డదానికి జడ వేస్తుంటే ఆమె చేతులు చూశాను. చిటికెన వేలికి గోరు సన్నగా పెరిగింది, తెల్లటి గీతంత. మిగతా తొమ్మిదీ ఇంకా మొదళ్ళ దాకా కత్తిరించే ఉన్నాయి. తర్వాత ఎవరూ లేనప్పుడు నోటుబుక్కు తీసి, నిన్నటి తేదీ వేసి, ఆ ఒక్కటీ రాసుకున్నాను.

నీ తమ్ముడు